ఇతర మతాల గురించి పాఠం చెబితే కేసు పెట్టవచ్చా?

ప్రశ్న: మా అమ్మాయి గుర్తింపు ఉన్న ఒక ప్రైవేటు స్కూల్లో తొమ్మిదో తరగతి చదువుతోంది. వేరే మతం పండుగల మీద ప్రాజెక్టు చేయమన్నారు, దానికి మార్కులు కూడా ఉన్నాయట. మా అమ్మ రెండు రోజులుగా అన్నం ముట్టలేదు. బంధువుల్లో తలెత్తుకోలేకపోతున్నాం. శుక్రవారం అసెంబ్లీలో యాజమాన్యం వారి మత ప్రార్థన కూడా అందరితో చేయిస్తారు. ఆరో తరగతిలో చేర్పించేటప్పుడు ఏవో కాగితాల మీద సంతకాలు పెట్టాను, చదవలేదు. మా మతాన్ని అవమానించారని పోలీసు కేసు పెట్టమని స్నేహితులు అంటున్నారు.
– ఒక పాఠకుడు, నరసరావుపేట

జవాబు: ప్రాజెక్టు మీద మీకు కేసు లేదు. గురునానక్ జీవితాన్ని, బోధనలను అధ్యయనం చేయించడం మతబోధ కాదని 1971లోనే డీఏవీ కాలేజీ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. 2002లో అరుణా రాయ్ కేసులోనూ అంతే. అన్ని మతాల గురించి పిల్లలకు తెలియజెప్పడానికి రాజ్యాంగం అడ్డు కాదంది.

మీరు ఒక్క వాక్యంలో తేల్చేసిన శుక్రవారం ప్రార్థనే అసలు విషయం. రాజ్యాంగం 28(3) అధికరణ ప్రకారం, ప్రభుత్వ గుర్తింపు ఉన్న ఏ విద్యాసంస్థలోనైనా మైనరు చేత మత ప్రార్థన చేయించాలంటే సంరక్షకుడి సమ్మతి ఉండాలి. మైనారిటీ సంస్థకూ మినహాయింపు లేదు. (మీ మతం, స్కూలువారి మతం అటూ ఇటూ మార్చినా నా జవాబు మారదు.)

మరి ఆ సమ్మతి మీరు ఇచ్చారా, లేదా? చదవకుండా సంతకం పెట్టిన కాగితాల్లో ఆ మాట ఉంటే స్కూలు తరఫు వకీలు మొదట చూపించేది దాన్నే. ఇల్లు కొనేటప్పుడు ఇలాగే సంతకం పెడతారా? పైగా మూడేళ్లు నోరెత్తలేదు. దీనికి ఇన్ని రోజులని కాలపరిమితి లేకపోయినా, రిట్ (హక్కుల కోసం హైకోర్టులో వేసే పిటిషన్) వేస్తే ఇంత జాప్యం ఎందుకని కోర్టు తప్పక అడుగుతుంది. అయితే ఒకసారి ఇచ్చిన సమ్మతిని వెనక్కి తీసుకోకూడదని 28(3)లో ఎక్కడా లేదు. మీ దారి అదే.

పోలీసు కేసు జోలికి మాత్రం వెళ్లకండి. భారతీయ న్యాయ సంహిత 299 సెక్షన్‌కు అవమానించాలన్న దురుద్దేశం రుజువు కావాలి. పాఠం చెప్పిన టీచరు దగ్గర అదెక్కడ దొరుకుతుంది? ఆవేశపడి వాట్సాప్‌లో వీడియో తిప్పారో, మతాల మధ్య విద్వేషం రెచ్చగొట్టారని 196 సెక్షన్ కింద కేసు మీ మీదికే వస్తుంది. మూడేళ్ల దాకా జైలు.

ముందు అడ్మిషన్ ఫారం నకలు అడిగి తీసుకోండి. ప్రార్థన గురించి స్కూలు డైరీలో, సర్క్యులర్లలో, గ్రూపు మెసేజీల్లో ఉన్నదంతా భద్రపరచుకోండి. ‘మా అమ్మాయి మత ప్రార్థనలో పాల్గొనడానికి నా సమ్మతి లేదు, గతంలో ఇచ్చి ఉంటే ఉపసంహరించుకుంటున్నాను’ అని హెడ్మాస్టరుకు రాసి, నకలు మీద స్టాంపు, సంతకం వేయించుకోండి. నోటిమాట పనికిరాదు. వినకపోతే అదే నకలు జతచేసి జిల్లా విద్యాశాఖాధికారికి ఫిర్యాదు ఇవ్వండి. అక్కడా కదలిక లేకపోతే హైకోర్టు. ప్రైవేటు స్కూలు మీద రిట్ చెల్లదని వాదిస్తారు కాబట్టి, గుర్తింపు ఇచ్చిన శాఖ చర్య తీసుకునేలా ఆదేశించమని కోరాలి.

ఈలోగా ప్రార్థన వేళ అమ్మాయిని మర్యాదగా, మౌనంగా నిలబడమనండి. జాతీయగీతం పాడకుండా గౌరవంగా నిలబడ్డ కేరళ పిల్లల్ని బడి నుంచి తీసేస్తేనే, 1986లో సుప్రీంకోర్టు తిరిగి చేర్చుకోమంది.

ప్రాజెక్టు మాత్రం గడువులోగా ఇప్పించండి. ఆ మార్కులు పోతే నేను వేసే ఏ పిటిషనూ వాటిని తెచ్చివ్వలేదు.