గుమస్తా డాబా ఎందుకెక్కాడు?

విజయవాడ

అమ్మాయ్,

నీ కథ చదివాను. గుంటూరు మిర్చి యార్డులో గుమస్తా తక్‌పట్టీ, అదే రైతుకిచ్చే అమ్మకం చీటీ, రాస్తూ కలం ఆపిన చోట నేనూ ఆగిపోయాను. టిక్కీకి, అంటే మిర్చి బస్తాకి, కిలో చొప్పున తగ్గించి వెయ్యమని యజమాని కళ్లతోనే చెప్పాడు. ఏళ్ల తరబడి అలా వేస్తూ వచ్చిన మనిషి ఇవాళ మాత్రం కాటాలో తేలిన బరువే వేశాడు. మిర్చి ఘాటుకి దగ్గుతూ వేశాడు. ఎంత బాగా రాశావో!

తర్వాత అతన్ని డాబా ఎక్కించి రెండు పేజీల భగవద్గీత చెప్పించావు. ఎందుకమ్మా? కథలో తత్వం వద్దని నేననను. అది ఆ అంకె దగ్గరే వచ్చేసింది. అయితే ఆ అంకె వేస్తే అతనికి ఏం పోతుందో ముందే మాకు తెలియాలి. కూతురి కాలేజీ ఫీజు సంగతి ఒక్క ముక్కలో తేల్చేశావు. ఈ వయసులో ఇంకో కొట్లో పని దొరుకుతుందా అన్న భయం అసలు లేనేలేదు. పోయేదేమీ లేనివాడు మంచిపని చేస్తే చదివేవాడికేం టెన్షన్?

గీత ఎత్తావు కాబట్టి అడుగుతున్నా. పద్దెనిమిదో అధ్యాయంలో, అంతా చెప్పాక కృష్ణుడు ఏమన్నాడు? 'యథేచ్ఛసి తథా కురు'. బాగా ఆలోచించుకుని నీ ఇష్టమొచ్చినట్టు చెయ్యి అన్నాడు. అంత చెప్పినవాడే నిర్ణయం అర్జునుడికి వదిలేశాడు. నువ్వు గుమస్తాకి వదల్లేదు.

ఆ రైతు చిన్ననాటి స్నేహితుడని చివరి వాక్యంలో బయటపెట్టడం చూస్తే ఒళ్లు మండింది. కథంతా మమ్మల్ని గుమస్తా బుర్రలో కూర్చోబెట్టి, అతను చూడగానే గుర్తుపట్టిన మనిషిని మాకు చెప్పకపోవడం దొంగాట. పైగా స్నేహితుడైతే మొహమాటానికైనా ఎవరైనా చేస్తారు. ముక్కూమొహం తెలియని రైతు కోసం, అదీ ఇన్నేళ్ల తర్వాత, ఇవాళే ఎందుకు చేశాడు అన్నదే ప్రశ్న కావాలి. అది అతనికే అంతుపట్టకపోతే మాకూ అంతుపట్టనక్కర్లేదు. అలాంటి చోట మాత్రం మమ్మల్ని చీకట్లో వదిలెయ్, ఏమీ అనుకోం.

బుచ్చిబాబు 'చివరకు మిగిలేది' చదివావా? తల్లి మీద పడ్డ అపవాదు దయానిధిని నవలంతా వెంటాడుతుంది. ఆమె మీద తీర్పు చెప్పే పని రచయిత పెట్టుకోడు. ఆ అపవాదుతో దయానిధి ఎలా బతికాడన్నది మాత్రం ఎక్కడా దాచడు. ఈసారి బెజవాడ వచ్చినప్పుడు ఏలూరు రోడ్డులో కొనుక్కో. నా కాపీ అడక్కు, ఇవ్వను.

డాబా కొట్టేసి, స్నేహితుణ్ణి తీసేసి మళ్లీ పంపు. రైతు డబ్బులోంచి కమిషనూ కూలీ ఎలా కోస్తారో రాసిన పేరా పెద్దదైపోయిందని పక్కన పెన్సిల్‌తో గీత పెట్టావు. దాన్ని ముట్టుకోకు.