స్టెంట్ వేశాక నాన్నను వాకింగ్‌కు పంపొచ్చా?

మీ నాన్నగారికి గుండె రక్తనాళంలో స్టెంట్ (నాళం మూసుకుపోకుండా పెట్టే సన్నటి జాలీ గొట్టం) వేసి పన్నెండు రోజులైందని, నడుస్తానంటే అమ్మగారు మంచం దిగనివ్వడం లేదని రాశారు. నడవనివ్వండి.

నాకు 2019లో మణికట్టు దగ్గర నుంచి వేశారు. మూడో రోజు ఇంటికి పంపేశారు. డిశ్చార్జి కాగితంలో ‘లైట్ ఎక్సర్‌సైజ్’ అని రాసి ఉంది. లైట్ అంటే ఎంతో ఎవరూ చెప్పలేదు. ఆ ఒక్క మాట విడమరిచి చెప్పే మనిషి ప్రతి ఆసుపత్రిలో ఉండాలి.

తొమ్మిదో రోజు పొద్దున్నే, గుంటూరు ఎండ ముదరకముందే, మా వీధి చివరి వేపచెట్టు దాకా బయల్దేరాను. ఎక్కడ పడిపోతానోనని మా ఆవిడ ప్లాస్టిక్ కుర్చీ పట్టుకుని వెనకాలే వచ్చింది. చెట్టు దగ్గరికి వెళ్లేసరికి గుండె దడదడ కొట్టుకుంటోంది, కాళ్లు వణుకుతున్నాయి. నొప్పి లేదు, ఆయాసం లేదు, ఒట్టి భయం. కూర్చోబెట్టి, ‘ఏదో ఒకటి మాట్లాడండి’ అంది. అమ్మాయి ఫీజు సంగతి ఎత్తాను. మాట ఎక్కడా తెగలేదు. ఆమె ముఖం అప్పుడు తేటపడింది.

తర్వాత కార్డియాలజిస్టు చెప్పిన కొలత కూడా అదే. నడుస్తూ మాట్లాడగలిగితే వేగం సరిపోయినట్టు, మాటమాటకీ ఊపిరి అందకపోతే తగ్గించాలి. ఐదు నిమిషాలతో మొదలుపెట్టి నెలన్నరకు అరగంటకు వచ్చాను. గ్యాస్ బండ లాంటి బరువులు మాత్రం డాక్టరు సరే అనేదాకా ముట్టుకోలేదు. మీ నాన్నగారికి అటాక్ వచ్చాక స్టెంట్ వేశారా అన్నది రాయలేదు. అలాగైతే ఎకో (గుండె స్కానింగ్) చూసి డాక్టరు చెప్పినంతే నడవాలి. ఛాతీలో బరువు, చెమటలు వస్తే అక్కడే ఆగి 108కి ఫోన్ చేయండి.

నడక కంటే నన్ను భయపెట్టేది సలహాలు. వెల్లుల్లి, నిమ్మరసం తాగితే గుండె రక్తనాళాల్లో బ్లాకులు కరుగుతాయని ఇప్పటికీ వాట్సాప్‌లో పంపుతూనే ఉన్నారు. నమ్మి మాత్రలు మానేసేవాళ్లున్నారు! నాలుగో నెలలో పన్ను పీకించుకోవడానికి వెళ్తే, రక్తం పలచబడే మాత్రలు ఐదు రోజులు ఆపి రమ్మన్నారు. అనుమానమొచ్చి కార్డియాలజిస్టుకు ఫోన్ చేశాను. ఒక్క రోజు కూడా ఆపొద్దని గట్టిగా చెప్పారు. ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్ అనే ఆ మాత్రలు మనంతట మనం ఆపేస్తే స్టెంట్ లోపలే రక్తం గడ్డకట్టొచ్చట. పన్ను ఇంకో చోట, మాత్రలు ఆపకుండానే తీశారు.

నాన్నగారి మాత్రల డబ్బా ఈ రాత్రే ఒకసారి తీసి లెక్కపెట్టండి.