పత్తి కూలీల మేస్త్రీకి నెల జీతం ఉంటుందా?

ఉండదు. మా నల్లగొండ వైపు కూలీలను కూడగట్టి తెచ్చే మేస్త్రీ అంటే తనూ పత్తి ఏరే మనిషే, చాలాసార్లు ఆడమనిషే. ఏరిన పత్తికి కిలో లెక్కన కూలి, పైన రైతు ఒప్పుకుంటే తలకింత కమీషన్. పొద్దున ఐదింటికే ఫోన్లు మొదలు: ఒకామె రానంటుంది, ఆటో నిండదు. అసలు టెన్షన్ సాయంత్రం కాంటా దగ్గర. మంచుకు తడిసిన పత్తి ఎక్కువ తూగుతుందని రైతు తరుగు తీస్తానంటాడు, కూలీలేమో మేస్త్రీ మొహం చూస్తారు. రైతు డబ్బులు ఆపితే కూలీలు నిలదీసేదీ ఆమెనే. అడ్వాన్స్ పంచి ఉంటే ఇంకా ఇరుకు.

పాలమూరు వలస మేస్త్రీల సంగతి వేరు. పక్క రాష్ట్రానికి ఐదుగురు, అంతకు మించి కూలీలను తీసుకెళ్తే లైసెన్స్ ఉండాలని 1979లోనే చట్టం చేశారు, 2025లో కొత్త కార్మిక కోడ్‌లు వచ్చేదాకా అది ఉండేది. ఆ కాగితం ఉన్న మేస్త్రీని మాత్రం నేను చూడలేదు.