నరానికి సూదా? చెవి తమ్మె కుట్టించడానికి భయపడుతున్న అమ్మ

ప్రశ్న: మా అమ్మకు 62 ఏళ్లు. పెళ్లినాటి బరువు కమ్మలు పెట్టీ పెట్టీ కుడి చెవి తమ్మె కిందదాకా చీలిపోయింది. కడపలో చూపిస్తే కుట్టేద్దాం, నరానికి మత్తు ఇస్తామన్నారు. ఆ మాట వినేసరికి అమ్మ నాకు కుట్టూ వద్దు కమ్మలూ వద్దు అంటోంది. నోరు వంకర పోతుందేమోనని పక్కింటావిడ ఇంకో మాట వేసింది. షుగర్ కూడా ఉంది. ఏం చెప్పమంటారు?
– ఒక పాఠకురాలు, ప్రొద్దుటూరు

జవాబు: బంగారు అంగళ్ల ఊళ్లో ఉండి కమ్మలు వద్దంటున్నారంటే ఆవిడ నిజంగానే భయపడ్డారన్నమాట! సగం గొడవ ‘నరం’ అనే మాటతోనే వచ్చింది. సెలైన్ పెట్టేటప్పుడు నరం దొరకలేదంటామే, అది రక్తనాళం. ఇక్కడ డాక్టరు అన్నది నొప్పిని మోసుకెళ్లే నాడి గురించి, పైగా దాని లోపలికి సూది గుచ్చరు, పక్కన చర్మం కింద మందు వదులుతారు, అది నెమ్మదిగా నాడికి పట్టి కబురు మెదడుకు చేరకుండా చేస్తుంది, అంతే.

తమ్మెకు స్పర్శ ఇచ్చే నాడి మెడలోంచి, చెవి కింద పక్క కండ మీదుగా పైకొస్తుంది. అందుకే సూది చెవికి కాకుండా మెడ పక్కనో చెవి కిందో పడొచ్చు, చెవికని చెప్పి మెడకు వేస్తున్నారేంటని అప్పుడు కంగారు పడకండి. తమ్మెలోకే మందు ఎక్కిస్తే అది ఉబ్బిపోయి చీలిన అంచులు సరిగ్గా కలపడం కష్టమవుతుంది. ఇక చెవి పైభాగంలో చర్మం మెత్తటి ఎముకకు అతుక్కుని ఉంటుంది, అక్కడ నేరుగా పొడిస్తే ప్రాణం పోయినంత పని. అలాంటి చోట చెవి చుట్టూ వేస్తారు.

పక్కింటావిడ మాట పూర్తిగా అబద్ధం కాదు. ముఖాన్ని కదిలించే నాడి ఆ దగ్గర్లోనే ఉంది, సూది లోతుగా వెళ్తే కాసేపు ఆ పక్క ముఖం బలహీనపడొచ్చు. మందు దిగిపోయాక అదీ పోతుంది. లిగ్నోకైన్ అనే మత్తుమందు అయితే గంట, రెండు గంటలు. మోతాదు గురించి కూడా టెన్షన్ వద్దు: అడ్రినలిన్ (రక్తనాళాలను బిగించే మందు) కలపని లిగ్నోకైన్ కిలో బరువుకు 4.5 మిల్లీగ్రాముల దాకా ఇవ్వొచ్చు, అంటే 60 కిలోల మనిషికి 1 శాతం మందు 27 మిల్లీలీటర్లు. ఒక్క తమ్మెకు అందులో చాలా కొద్దిగానే పడుతుంది.

అమ్మకు ముందే చెప్పాల్సింది ఇంకొకటి. నొప్పి పోయినా లాగుతున్నట్టు, నొక్కుతున్నట్టు తెలుస్తుంది. మత్తు పట్టలేదేమోనని అదిరిపడతారు చాలామంది. సూది పోటులా అనిపిస్తేనే చెప్పమనండి, ఇంకాస్త వేస్తారు. మొహమాటపడి పళ్లు బిగించుకోవద్దు.

షుగర్ ఉంటే పుండు మానడం ఆలస్యం కావొచ్చు కాబట్టి ముందు అదుపులో పెట్టుకోండి. రక్తం పల్చబడే మాత్రలు వాడుతుంటే డాక్టరుకు చెప్పండి, మీ అంతట మీరు ఆపేయకండి. వేరే ఏమీ చెప్పకపోతే టిఫిన్ తిని, మామూలు మాత్రలు వేసుకునే వెళ్లొచ్చు. మానిన తర్వాత కొన్ని నెలలకు, కుట్టిన గీత మీద కాకుండా పక్కన కమ్మ కోసం మళ్లీ రంధ్రం వేయించుకోవచ్చు. ఈసారి తేలికపాటి దిద్దులు, సరేనా.

ప్రశ్న: గులిమి తీస్తుంటే దగ్గు వస్తుంది. చెవికీ గొంతుకూ ఏం సంబంధం?
– ఒక పాఠకుడు, ఆదోని

జవాబు: ఉంది. గొంతుకు వెళ్లే వేగస్ నాడి కొమ్మ ఒకటి చెవి గొట్టంలోకీ వస్తుంది, దాన్ని కదిపితే కొందరికి దగ్గు వస్తుంది. పై జవాబులో చెప్పిన చెవి చుట్టూ మత్తు ఈ కొమ్మకు అందదు, అందుకే గొట్టం లోపల ఏదైనా చేయాలంటే అక్కడ విడిగా మత్తు ఇవ్వాలి. మీరు మాత్రం ముందు ఆ పిన్నీసు పక్కన పెట్టండి. పిన్నీసే అని మీరు రాయలేదు, నేనే ఊహించా.