పంపు పోయిందన్నారు, 46 వేలు అయింది, లారీ మాత్రం స్టార్ట్ కాలేదు

ప్రశ్న: మాది గుంటూరు. నాకున్నది ఒక్క లారీ, 2012 మోడల్. నేనే నడుపుకుంటాను, తోడుగా క్లీనర్ ఉంటాడు. మిర్చి లోడుతో వెళ్తుంటే బండి దారిలో ఆగిపోయింది. విజయవాడ ఆటోనగర్‌లో ఒక షెడ్డుకు లాగించాను. అక్కడి మెకానిక్ రెండుసార్లు సెల్ఫ్ కొట్టి చూసి ‘డీజిల్ పంపు పోయింది’ అన్నాడు. పంపు దించి వేరే పంపు షాపుకు పంపాడు. మొత్తం 46,000 అయింది, అందులో 30,000 యూపీఐలో కట్టాను. పంపు బిగించాక కూడా స్టార్ట్ కాలేదు. మా ఊరి మెకానిక్ వచ్చి, ట్యాంకు నుంచి వచ్చే గొట్టం తీసేసి, క్యాన్‌లో డీజిల్ పోసి కొత్త గొట్టంతో నేరుగా ఫీడ్ పంపుకు (ట్యాంకు నుంచి డీజిల్ లాగే చిన్న పంపు) ఇచ్చాడు. ఎయిర్ తీసి సెల్ఫ్ కొడితే వెంటనే అందుకుంది. పాత గొట్టం చీలి గాలి లాగుతోందట. ఇప్పుడు మిగతా 16,000 కడితేనే బండి వదులుతానంటున్నాడు షెడ్డు ఆయన. నా డబ్బు వెనక్కి వస్తుందా? చీటింగ్ కేసు పెట్టొచ్చా?

జవాబు: ముందు బండిని బయటికి తెచ్చుకోండి. కాంట్రాక్ట్ చట్టం 170వ సెక్షన్ ప్రకారం, అప్పగించిన వస్తువు మీద పని చేసినవాడు తన కూలి అందేదాకా దాన్ని ఆపుకోవచ్చు. పని ఒప్పుకున్న ప్రకారం జరగలేదు కాబట్టి అతనికి ఆ హక్కు లేదని మీరు వాదించవచ్చు, ఆ వాదనలో బలం కూడా ఉంది. కానీ అది తేలేలోపు మీ కిరాయిలు పోతాయి. పైగా 73వ సెక్షన్ కింద నష్టం లెక్కకట్టేటప్పుడు, దాన్ని తగ్గించుకునే దారి మీకు ఉందా అని కూడా చూస్తారు. రెండు నెలలు బండి ఆపుకుని రెండు నెలల కిరాయి అడిగితే ఇవ్వరు. అందుకని ‘అభ్యంతరంతో కడుతున్నాను, నా హక్కులు వదులుకోవడం లేదు’ అని వాట్సాప్‌లో రాసి, 16,000 యూపీఐలోనే కట్టండి. చేతికి డబ్బు ఇవ్వకండి.

ఇక అసలు సంగతి. పంపు పోలేదని మీరు అనుకుంటున్నారు. రేపు అతను చెప్పబోయేది వేరు: ‘పంపు కూడా పోయింది, గొట్టం కూడా చీలింది. నేను పంపు బాగు చేశాను కాబట్టే క్యాన్ పెట్టగానే బండి అందుకుంది.’ ఈ ఒక్క మాటకు జవాబు లేకపోతే మీ కేసు నిలవదు. పంపులోని ఎలిమెంట్లు (డీజిల్‌ను నెట్టే లోపలి భాగాలు) మార్చి క్యాలిబ్రేషన్ చేశాక, అంటే డీజిల్ కొలత సరిచేశాక, అంతకుముందు అది ఎలా ఉండేదో బండిని చూసి చెప్పడం ఎవరి వల్లా కాదు. విప్పక ముందు టెస్ట్ బెంచ్ (పంపును పరీక్షించే యంత్రం) మీద ఎక్కించి తీసిన రీడింగే దానికి గట్టి సాక్ష్యం. ఆ కాగితం, తీసేసిన పాత ఎలిమెంట్లు, పంపు షాపు అసలు బిల్లు ఇమ్మని షెడ్డుకూ షాపుకూ ఇవాళే రాతపూర్వకంగా అడగండి. ఇస్తే మంచిదే. రీడింగ్ తీయకుండానే విప్పామంటే, అది మీకే బలం.

చీలిన గొట్టాన్ని మాత్రం ఎవరికీ ఇవ్వకండి. ఫొటో, వీడియో తీసి, కవర్‌లో పెట్టి, తేదీ రాసి, మీ ఊరి మెకానిక్‌తో సంతకం చేయించండి. వినియోగదారుల కమిషన్ ముందు ఆయన అఫిడవిట్ ఇవ్వాల్సి ఉంటుంది, ఇప్పుడే మాట తీసుకోండి.

మెకానిక్ అంచనా తప్పితే అది నేరం కాదు, ప్రతిసారీ సేవాలోపం కూడా కాదు. జాగ్రత్తగా చూసినవాడు కూడా ఒక్కోసారి పొరబడతాడు. ఇక్కడ అడగాల్సింది పంపు మీద చెయ్యి వేసే ముందు అతను ఏం చూశాడన్నది. ఇలాంటి పాత మోడల్ బండికి ముందు ఫిల్టర్, డీజిల్‌లో నీళ్లు చేరాయా చూడాలి. చేత్తో డీజిల్ ఎక్కించే హ్యాండ్ పంపు కొట్టి, గాలి వదిలే బ్లీడ్ స్క్రూ దగ్గర బుడగలు లేకుండా డీజిల్ వస్తోందా చూడాలి. అక్కడ సరిగా వస్తూ, సెల్ఫ్ కొట్టినప్పుడు ఇంజిన్‌లోకి డీజిల్ చిమ్మే నాజిల్ పైపుల దగ్గర రాకపోతేనే పంపు మీద అనుమానం పెట్టుకోవాలి. గంట పని కూడా కాదు. అది చేయకుండా 46,000 పని పెట్టడమే సేవాలోపం. వినియోగదారుల రక్షణ చట్టం, 2019లోని 2(11) సెక్షన్ కిందకు ఇది వస్తుంది. (కామన్ రైల్ బండి, అంటే ఒకే గొట్టంలో చాలా ఎక్కువ ప్రెషర్‌తో డీజిల్ నిలిపే కొత్త రకం ఇంజిన్ ఉన్నవాళ్లు పైపులు వదులు చేసి చూడనివ్వకండి, ఆ ప్రెషర్‌కు డీజిల్ చర్మంలోకి దూసుకుపోతుంది. స్కానర్‌లో రైల్ ప్రెషర్ ఎంత చూపిస్తోందో ఫొటో తీసుకోండి.)

‘లారీ వ్యాపారానికి వాడేది, నువ్వు వినియోగదారుడివి కావు’ అని కూడా అంటారు. భయపడకండి. లక్ష్మీ ఇంజినీరింగ్ వర్క్స్ కేసులో 1995లో సుప్రీంకోర్టు, లారీ కొనుక్కుని తానే నడుపుకుని బతికేవాడు వినియోగదారుడేననీ, సాయానికి ఒకరిద్దరిని పెట్టుకున్నా ఆ హక్కు పోదనీ చెప్పింది. ఆ లారీకి చేయించే రిపేరుకూ అదే న్యాయం వర్తించాలన్నది మన వాదన. నాలుగైదు బండ్లు డ్రైవర్లకిచ్చి తిప్పేవాళ్లకు మాత్రం ఈ దారి కష్టం, వాళ్లు సివిల్ కోర్టుకు వెళ్లాలి.

చీటింగ్ కేసు వద్దు. మొదటినుంచే మోసం చేసే ఉద్దేశం ఉందని చూపించాలి, మీరు చెప్పినదాంట్లో అది కనపడటం లేదు. స్టేషన్ చుట్టూ తిరిగి రోజులు పోగొట్టుకోకండి.

షెడ్డుకూ పంపు షాపుకూ 15 రోజుల గడువుతో స్పీడ్ పోస్టులో నోటీసు పంపండి. ఒకరి మీద ఒకరు నెట్టుకుంటారు కాబట్టి ఫిర్యాదులో ఇద్దరినీ ప్రతివాదులుగా చేర్చాలి. పని విజయవాడలో జరిగినా, మీరు ఉండేది గుంటూరు కాబట్టి గుంటూరు జిల్లా వినియోగదారుల కమిషన్‌లోనే వేయవచ్చు. మీరు చెల్లించిన సొమ్ము 5 లక్షల లోపే కాబట్టి ఫీజు లేదు. వినియోగదారుల కమిషన్ల ఈ-జాగృతి పోర్టల్‌లో ఇంటి నుంచే దాఖలు చేయవచ్చు. అంతకుముందు జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేయించండి, కొన్ని అక్కడే రాజీ అవుతాయి. ఫిర్యాదు వేయడానికి గడువు రెండేళ్లు.

పంపు ఖర్చు, బండి ఊరికే నిలబడిన రోజుల కిరాయి, మానసిక వేదనకు కొంత, ఖర్చులు అడగండి. కిరాయి నష్టానికి ట్రాన్స్‌పోర్ట్ ఆఫీసు చీటీలు, అంతకుముందు మూడు నెలల ట్రిప్పుల లెక్క జత చేయాలి. ఈఎంఐని విడిగా నష్టంగా చూపించకండి, బండి తిరిగినా అది కట్టాల్సిందే కదా.