నెలోర్ ఆవు మన జిల్లాలో ఏ ఊరిది?

వియాటినా-19 అనే నెలోర్ ఆవు సుమారు 40 కోట్లు పలికిందన్న వార్త చూసి, అలాంటివి మన నెల్లూరు జిల్లాలో ఏ ఊళ్ళో దొరుకుతాయని అడిగారు కదండీ. అది బ్రెజిల్ ఆవు. దాని మూలం మాత్రం మన ఒంగోలు జాతే. ఫొటో దగ్గరగా చూడండి: తెల్లటి ఒళ్ళు, ఎత్తైన మూపురం, మెడ కింద మడతలు పడి వేలాడే గంగడోలు.

మరి నెల్లూరు పేరెందుకంటే, 19వ శతాబ్దంలో ఈ పశువులు ఓడలెక్కి బ్రెజిల్ చేరినప్పుడు ఒంగోలు తాలూకా నెల్లూరు జిల్లాలోనే ఉండేది. 1904లో గుంటూరు జిల్లాలోకి మారింది, 1970లో ప్రకాశం ఏర్పడ్డాక అందులో చేరింది. ఇక్కడ హద్దులు ఎన్ని మారినా అక్కడ పాత జిల్లా పేరే స్థిరపడిపోయింది. ఇండోనేషియాలోనేమో సుంబా ఒంగోల్ అంటారు, అదీ మన పశువు సంతతే. నన్నడిగితే బ్రెజిల్‌లో కూడా ఆ పేరు ఒంగోలు రైతుకే దక్కాల్సింది.

మీకు ఇక్కడి ఆవు కావాలంటే నెలోర్ అని కాకుండా ఒంగోలు జాతి అని వెతకండి. కొనేముందు ప్రకాశం జిల్లా చదలవాడ ప్రభుత్వ పశుక్షేత్రానికి వెళ్ళి అసలు లక్షణాలు కళ్ళారా చూసి రండి.