తొట్టె కొనే ముందు అది ఏ ఊళ్ళో ఉండాలో తేల్చుకోండి

ప్రశ్న: మేం హైదరాబాద్ నిజాంపేటలో అద్దెకుంటున్నాం. నాకు చేతికొచ్చే జీతం 62 వేలు, నా భార్యకి 35 వేలు. తనకి ఇప్పుడు ఏడో నెల. మొదటి కాన్పు కాబట్టి ఖమ్మంలో వాళ్ళ పుట్టింట్లోనే. ఐదో నెలలో బిడ్డను తీసుకుని ఇక్కడికి వస్తుంది. ఇంటద్దె 17 వేలు, కారు ఈఎంఐ 11,500. పొదుపు 1.40 లక్షలు ఉంది. సిజేరియన్ అయితే 90 వేల దాకా అవుతుందని ఆసుపత్రిలో చెప్పారు. నా ఆఫీసు ఇన్సూరెన్స్‌లో ప్రసూతికి 50 వేలు వస్తుంది. మొన్న మాల్‌లో మంచానికి ఆనించి పెట్టే బెడ్‌సైడ్ క్రిబ్ 18,500కి చూశాం. దాని పక్కనే ముందు తొట్టెగా, తర్వాత చిన్న మంచంగా, ఆపైన చదువుకునే బల్లగా మారే చెక్క క్రిబ్ 32 వేలు. ఆరు నెలల నో కాస్ట్ ఈఎంఐ ఉందన్నారు. మా అమ్మేమో చీర ఉయ్యాల చాలదా అంటోంది. ఏది కొనమంటారు?

జవాబు: ముందుగా మీ ఇద్దరికీ అభినందనలు. మీ ఉత్తరంలో ధరలన్నీ వివరంగా రాశారు కానీ, నాకు వాటికన్నా ముఖ్యంగా కనిపించిన మాట ఒకటుంది: ఐదో నెలలో ఇక్కడికి వస్తుంది అన్నది. ఏది కొనాలన్నది చాలావరకు దాన్నిబట్టే తేలుతుంది.

బెడ్‌సైడ్ క్రిబ్ ఆయుష్షు చిన్నది. బిడ్డ బోర్లా పడటం, చేతుల మీద, మోకాళ్ళ మీద లేవటానికి ప్రయత్నించటం మొదలయ్యాక అందులో పడుకోబెట్టకూడదు. పక్క గోడ ఎత్తు తక్కువ కాబట్టి బిడ్డ దొర్లి పడిపోయే ప్రమాదం ఉంటుంది. ఎక్కువమంది పిల్లలకు ఈ దశ ఐదారు నెలల మధ్య వస్తుంది, కొందరికి ఇంకా ముందే. అంటే నిజాంపేట బెడ్‌రూమ్‌లో 18,500 పెట్టి బిగించిన క్రిబ్‌లో మీ బిడ్డ మహా అయితే ఒక నెల పడుకుంటుంది. రాత్రికి ఆరు వందల పైచిలుకు పడినట్టు. అదే క్రిబ్ మొదటి రోజు నుంచీ ఖమ్మంలో ఉంటే నూటయాభై రాత్రులు పనికొస్తుంది, రాత్రికి నూట పాతిక లోపే.

దాని అసలు ఉపయోగం కూడా ఆ మొదటి వారాల్లోనే. ఐదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే (2019-21) ప్రకారం తెలంగాణలో నూటికి 60కి పైగా కాన్పులు సిజేరియన్లే. కుట్లు పచ్చిగా ఉన్న తల్లి రాత్రి రెండు మూడు గంటలకోసారి లేచి, వంగి, తొట్టెలోంచి బిడ్డను ఎత్తుకోవాలంటే ఎంత నరకమో మీ భార్య తర్వాత చెబుతుంది. క్రిబ్ మంచానికి ఆనుకుని ఉంటే పడుకున్న చోటు నుంచే చెయ్యి చాపి దగ్గరకు తీసుకోవచ్చు. బిడ్డ కనీసం ఆరు నెలల దాకా తల్లిదండ్రుల గదిలోనే, కానీ వేరే పక్క మీద, వెల్లకిలా పడుకోవాలని అమెరికా పిల్లల వైద్యుల అకాడమీ 2022లో మళ్ళీ చెప్పింది. కాబట్టి మీ ఆలోచన తప్పు కాదు. తొట్టె వృథా ఖర్చని నేననను. తల్లి ఎక్కడుంటే తొట్టె అక్కడ ఉండాలంటాను.

అందుకే డబ్బు తీసే ముందు ఖమ్మం ఫోన్ చేసి, మీ భార్య పడుకోబోయే మంచం కొలతలు టేపు పెట్టి తీయించండి. ఈ క్రిబ్‌కి మంచం వైపు గోడ కిందికి దిగుతుంది. చాలా మోడళ్ళలో కాళ్ళు మంచం కిందికి దూరి నిలబడతాయి. పట్టీలతో మంచానికి బిగించాలి. మన హైదరాబాద్ ఫ్లాట్లలో పరుపు ఎత్తితే కింద సామాన్లు పెట్టుకునే బాక్స్ మంచాలే ఎక్కువ. అవి నేల దాకా మూసి ఉంటాయి, క్రిబ్ కాళ్ళు దూరేందుకు సందుండదు. ఖమ్మంలో పాత టేకు డబుల్ కాట్ అయితే కింద ఖాళీ ఉంటుంది కానీ, పక్క చెక్క పరుపు కన్నా పైకి లేచి ఉండొచ్చు. ఏ మంచమైనా పెద్దవాళ్ళ పరుపుకీ క్రిబ్ పరుపుకీ మధ్య వేలు దూరేంత సందు కూడా ఉండకూడదు. ఆ సందులో బిడ్డ ముఖం ఇరుక్కుంటే ఊపిరాడదు. కొలతలు కుదరకపోతే బెడ్‌సైడ్ క్రిబ్ మాట మర్చిపోండి. నాలుగు వైపులా గోడలున్న మామూలు చిన్న తొట్టెను మంచానికి చేరువగా వేసుకుంటే సరిపోతుంది.

ఇక 32 వేల క్రిబ్. ఇది నాకు అస్సలు నచ్చలేదు. ఇప్పుడు తొట్టె, మూడేళ్ళకు మంచం, ఆరేళ్ళకు బల్ల అని అమ్మేవాళ్ళు చెబుతారు. మన ఇళ్ళలో పిల్లలు బడికి వెళ్ళే వయసు దాకా అమ్మానాన్నల మధ్యే పడుకుంటారు, ఆ చిన్న మంచం మీద ఉతికిన బట్టలు పోగుపడతాయి. అద్దె ఇంట్లో ఉన్నవాళ్ళు ఈలోపు ఒకటి రెండు ఇళ్ళు మారతారు, విప్పి బిగించిన ప్రతిసారీ చెక్కలో మరలు వదులవుతాయి. పైగా దాన్ని ఖమ్మం మోసుకెళ్ళలేరు.

నో కాస్ట్ ఈఎంఐ లెక్క కూడా చూడండి. సాధారణంగా బ్యాంకు వడ్డీ వేస్తుంది, అంత మొత్తాన్ని అమ్మేవాళ్ళు ముందే ధరలో తగ్గిస్తారు. కానీ ఆ వడ్డీ మీద 18 శాతం జీఎస్టీ, ప్రాసెసింగ్ ఫీజు, దాని మీద జీఎస్టీ మీరే కట్టాలి. 32 వేలకు ఆరు నెలలు, 15 శాతం వడ్డీ అనుకుంటే, 199 రూపాయల ఫీజుతో కలిపి దాదాపు 480 రూపాయలు పైన పడతాయి. అది చిన్న మొత్తమే. అసలు ఇబ్బంది నెలకు 5,333 రూపాయల కొత్త వాయిదా. కారు ఈఎంఐతో కలిపితే నెలకు 16,800 దాటుతుంది, అదీ ఆసుపత్రి ఖర్చు వచ్చే నెలల్లో. కార్డు బిల్లు ఒక్కసారి పూర్తిగా కట్టలేకపోతే నెలకు మూడున్నర శాతం, కొన్ని కార్డుల్లో అంతకన్నా ఎక్కువ వడ్డీ పడుతుంది.

మీ పొదుపులోంచి ఆసుపత్రికి ఇన్సూరెన్స్ పోగా 40 వేలు తీస్తే మిగిలేది లక్ష. పుట్టిన బిడ్డకు పచ్చకామెర్లు వచ్చి రెండు రోజులు లైటు కింద పెట్టారనుకోండి, ఆ బిల్లు వేరే. బారసాల ఖర్చు గురించి మీరు ఒక్క మాటా రాయలేదు, అదీ ఉంటుంది. ఆ లక్షలోంచి మూడో వంతు చెక్క సామానుకు పోకూడదు.

నేనైతే ఇలా చేస్తాను. తొట్టెకు పది వేలు హద్దు పెట్టుకుంటాను. మడత పెట్టి కారులో వేసుకునే రకం సాదా బెడ్‌సైడ్ క్రిబ్‌లు ఆన్‌లైన్‌లో ఆ ధర లోపే దొరుకుతున్నాయి. ఇంకా నయం, కొండాపూర్, మియాపూర్, గచ్చిబౌలి వైపు అపార్ట్‌మెంట్ల వాట్సాప్ గ్రూపుల్లో, ఓఎల్ఎక్స్‌లో నాలుగైదు నెలలు వాడినవి సగం ధరకు అమ్ముతుంటారు. వాడేది కొద్ది నెలలే కదా, పెద్దగా అరగవు. పాతది తీసుకుంటే మీరే వెళ్ళి, అక్కడే బిగించి చూడండి. లాకులు గట్టిగా పడుతున్నాయా, జాలీ ఎక్కడైనా చిరిగిందా, మంచానికి కట్టే పట్టీలు అన్నీ ఉన్నాయా, పరుపు దానితో వచ్చినదేనా అని చూసుకోండి. చెక్క తొట్టె అయితే కమ్మీల మధ్య ఆరు సెంటీమీటర్లకు మించి సందు ఉండకూడదు. ఒక పక్క గోడ పైకీ కిందికీ జరిగే పాతకాలం తొట్టెలు వద్దు (మంచానికి బిగించే బెడ్‌సైడ్ క్రిబ్ వేరు), పిల్లలు ఇరుక్కుని చనిపోయిన ఘటనల వల్ల అమెరికాలో వాటిని 2011లోనే నిషేధించారు.

దుకాణంలో తొట్టెతో పాటు అంటగట్టే బెడ్ సెట్ కొనకండి. దిండ్లు, చుట్టూ కట్టే మెత్తలు, బొంతలు, బొమ్మలు ఏవీ తొట్టెలో ఉండకూడదు. గట్టి పరుపు, దాని మీద బిగుతుగా వేసిన దుప్పటి చాలు. తల గుండ్రంగా రావాలని పెద్దవాళ్ళు ఆవాల దిండు కుడతారు. వాళ్ళ ప్రేమను నొప్పించకుండా, నిద్రపోయేటప్పుడు మాత్రం అది వద్దని మీ పిల్లల డాక్టర్ చేత చెప్పించండి. దోమలకు తెర తప్పకుండా ఉండాలి, అది వదులుగా వేలాడి బిడ్డ చేతికి అందకుండా చూసుకోండి.

మీ అమ్మగారి మాట గురించి. చీర ఉయ్యాలలో పెరిగిన తరాలే మనవి, ఆవిడ అనడంలో తప్పేం లేదు. అయితే చీరలో బిడ్డ వీపు వంగి, గడ్డం ఛాతీకి ఆనుతుంది, పసిబిడ్డకు అలా ఊపిరి అందకపోవచ్చు. బారసాల రోజు ముచ్చటగా వేయండి, అందరూ పక్కనే ఉండి పాట పాడతారు. నిద్రకి మాత్రం, ముఖ్యంగా రాత్రి నిద్రకి, వద్దు. పుట్టకముందే వస్తువులు కొనకూడదని ఆవిడ పట్టింపు పెడితే కాదనకండి. క్రిబ్ ఎంచి పెట్టుకుని, కాన్పయ్యాక ఆసుపత్రి నుంచి ఇంటికి వచ్చేలోపు తెప్పించుకోవచ్చు. చాలా ఇళ్ళలో ఉయ్యాల పుట్టింటివాళ్ళే ఇస్తారు. వెండి గిన్నె, గొలుసు బదులు తొట్టె ఇప్పించమని మీ భార్య వాళ్ళమ్మతో అనవచ్చు, ఆ మాట తను అంటేనే బావుంటుంది.

ఈ వారం మీరు చేయాల్సిన పని వేరే ఉంది. మీ హెచ్ఆర్‌కి ఫోన్ చేసి మూడు సంగతులు అడగండి. ఖమ్మంలో మీరు అనుకున్న ఆసుపత్రి ఇన్సూరెన్స్ నెట్‌వర్క్‌లో (కంపెనీయే నేరుగా బిల్లు కట్టే ఆసుపత్రుల జాబితాలో) ఉందా, బిడ్డకు మొదటి రోజు నుంచే కవర్ ఉందా, బిడ్డ పేరు చేర్పించడానికి ఎన్ని రోజుల గడువు? గడువు తప్పితే కొన్ని కంపెనీల్లో మళ్ళీ రెన్యువల్ దాకా ఆగాల్సిందే. మీ భార్య ఆఫీసు పాలసీలోనూ ప్రసూతి కవర్ ఉందేమో చూడండి, ఉంటే మిగిలిన 40 వేలలో కొంత అక్కడ వస్తుందేమో తెలుస్తుంది. జననం 21 రోజుల్లో నమోదైతే రుసుము ఉండదు. డిశ్చార్జి రోజే ఆసుపత్రిలో ఫారం సరిచూసుకోండి. అమ్మానాన్నల పేర్లలో ఒక్క అక్షరం తప్పుపోయినా తర్వాత దిద్దించడం పెద్ద పని.

టర్మ్ ఇన్సూరెన్స్, అంటే పాలసీ కాలంలో మనిషి పోతే కుటుంబానికి డబ్బు వచ్చే జీవిత బీమా, ఉందో లేదో మీరు రాయలేదు. లేకపోతే ఆ 32 వేలు వెళ్ళాల్సింది అక్కడికే. ముప్పై ఏళ్ళ వయసు, పొగతాగే అలవాటు లేనివారికి కోటి రూపాయల పాలసీ ఏడాదికి సుమారు పది పన్నెండు వేలకు వస్తుంది. 2025 సెప్టెంబర్ 22 నుంచి వ్యక్తిగత జీవిత, ఆరోగ్య పాలసీల మీద జీఎస్టీ కూడా లేదు. ఆడపిల్ల పుడితే సుకన్య సమృద్ధి ఖాతా పదేళ్ళలోపు ఎప్పుడైనా 250 రూపాయలతో తెరవొచ్చు, దానికి ఇప్పుడే టెన్షన్ పడనక్కర్లేదు.

మీ భార్యకు చట్టం ప్రకారం జీతంతో 26 వారాల సెలవు వస్తుంది. అందులో ఎనిమిది వారాలు కాన్పుకు ముందే వాడేస్తే, తర్వాత మిగిలేవి 18 వారాలే, అంటే నాలుగు నెలల పైన కొద్ది రోజులు. మీరేమో ఆమె ఐదో నెలలో నిజాంపేట వస్తుందంటున్నారు. ఆ మధ్య రోజుల్లో ఆమె జీతం ఆగుతుందా, ఉద్యోగంలో చేరితే పగలు బిడ్డను ఎవరు చూస్తారు, ఆయాను పెట్టుకుంటారా, మీ అమ్మగారు వచ్చి ఉంటారా? ఖమ్మం వెళ్ళే తేదీ ఖాయం చేసుకునే ముందే ఇద్దరూ కూర్చుని మాట్లాడుకోండి. ఏమనుకున్నారో రాయండి, ఆరో నెల నుంచి నెలవారీ బడ్జెట్ దాన్నిబట్టి వేద్దాం.